పాత లాండ్రీ గదిలో మూలుగు

ఆ ఆసుపత్రిలో నేలకింది అంతస్తుకి రాత్రిపూట ఒంటరిగా దిగడానికి వాచ్‌మన్ కూడా జంకుతాడు. నడవా చివర పాత లాండ్రీ గది ఉంది. చిరిగిన పరుపులూ, కాల్చేయాల్సిన దుప్పట్లూ అందులో పడేస్తారు. ఎప్పుడో ఒక ఆయా అక్కడే ప్రాణం తీసుకుందంటారు. ఆవిడ పేరెవరికీ తెలీదు, చూసినవాళ్ళూ లేరు. అయినా ఆ తలుపు ముందుకొచ్చేసరికి అందరి కాళ్ళూ జోరందుకుంటాయి.

మాసిన బట్టల బండి తోసుకుంటూ రోజూ ఆ తలుపు దాటాల్సింది ఉలుకమ్మ.

అది ఆమె అసలు పేరు కాదు, తోటివాళ్ళు పెట్టింది. గిన్నె కిందపడితే ఉలుకు, ఫోన్ మోగితే ఉలుకు. భర్త పోయాక మరీ ముదిరింది. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేది. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, ఊపిరి సగంలో ఆగేది. డాక్టరు మాత్రలిచ్చాడు. వదిన చర్చికి తీసుకెళ్ళింది.

"భయం పోగొట్టు ప్రభువా అని గొణిగేసి లేచిపోతే ఎలాగే?" అంది వదిన. "దేనికి భయమో ఆయనకి విడమరిచి చెప్పు. చెప్పాక కాసేపు ఆగు."

ఆగడమే ఉలుకమ్మకి చేతకాని పని.

ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, బండి ఆ తలుపు దగ్గరికొచ్చింది. ముందు వాసన తగిలింది. ఉచ్చ కంపు, పులిసిన వాంతి, వాటికింద ఏదో కుళ్ళుతున్న తీపి వాసన... నాలుక మీద పేరుకున్నట్టుగా. ఆ తర్వాత లోపల తడిగా ఏదో ఈడ్చుకుంటున్న చప్పుడు. ఆగింది... మళ్ళీ...

ఆ వెనకే మూలుగు.

"ప్రభువా, ప్రభువా" అంటూ బండి అక్కడే వదిలేసి పరుగెత్తింది. లిఫ్టు తలుపు మూసుకున్నాక గానీ ఊపిరి తిరగలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటికి ఇంకో ముద్దు పేరు పెడతారు.

రెండో రాత్రి వాసన లిఫ్టు దాకా వచ్చేసింది. కొంగు ముక్కుకి చుట్టుకున్నా ఆగడం లేదు. మూలుగు మాత్రం సన్నబడింది. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

ఆమె బండి పిడి గట్టిగా పట్టుకుంది.

"యేసయ్యా," అంది గుసగుసగా, "నాకు ఈ తలుపంటే భయం. లోపల చచ్చినామె ఉందేమోనని భయం. ఈ కంపంటే అసహ్యం. నాకు పిచ్చెక్కుతోందేమోనని అన్నిటికంటే భయం. నిన్న నీ పేరు చెప్పుకుంటూ పారిపోయాను. ఇవాళ ఉంటాను... నా పక్కన నిలబడు."

చెప్పి, ఆగింది.

ఏ స్వరమూ వినపడలేదు. గుండె అలాగే కొట్టుకుంటోంది. కానీ పరుగెత్తాలన్న తొందర కాస్త సడలింది. ఆ నిమ్మళంలో చెవికి ఒకటి తెలిసింది — మూలుగులో మాట ఉంది.

"నీళ్ళు..."

తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. దాని చుట్టూ ఇనుప తీగ మెలేసి ఉంది. దాన్ని విప్పింది. తీగ గుచ్చుకుని రక్తమొచ్చింది. తలుపు తోసి టార్చి వేసింది.

బొద్దింకలు చెదిరిపోయాయి. పరుపుల మధ్య ఒక ముసలాయన. ఆసుపత్రి గౌను మలంతో ఎండి తొడలకి అతుక్కుపోయింది. మడమ మీద పుండు... అందులో తెల్లగా పురుగులు కదులుతున్నాయి.

ఉలుకమ్మ గుమ్మం పక్కనే వాంతి చేసుకుంది. మోచేత్తో మూతి తుడుచుకుంది. మళ్ళీ లోపలికెళ్ళింది.

బండిలో ఉన్న తన సీసా నీళ్ళతో కొంగు తడిపి ఆయన పెదాల మీద పిండింది. ఆయన గుటక వేశాడు.

"నిన్న ప్రభువా ప్రభువా అంటూ పోయింది... నువ్వేనా అమ్మా?"

కాదని చెప్పొచ్చు. ఆయనకి కళ్ళు కూడా సరిగ్గా ఆనడం లేదు.

"నేనే తాతా. నన్ను క్షమించు," అని ఆయన తలని భుజానికి ఆనించుకుంది. జాకెట్టు తడిసి జిగటగా అయింది. అప్పుడు గొంతెత్తి మనుషుల్ని పిలిచింది.

ఆయన ఏడో మంచం రోగి. మతి నిలకడ లేని మనిషి, బాత్‌రూం వెతుక్కుంటూ లిఫ్టెక్కి కిందికొచ్చాడు. వార్డువాళ్ళు 'చెప్పకుండా వెళ్ళిపోయాడు' అని రాసేసుకుని మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మడమ కొంత కోసేశారు గానీ, మనిషి బతికాడు.

ఉలుకమ్మ గుండె దడ ఆ రాత్రితో పోలేదు. ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు ఎక్కడున్నా నిలబడి, ఉన్నదున్నట్టు ప్రభువుకి చెప్పుకుంటుంది. అది తగ్గుతుంది, తను పనిలో పడుతుంది.

ఆ తెల్లవారుజామున ఆమె సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంటే, వాచ్‌మన్ వచ్చి వెనక నిలబడ్డాడు. ముక్కుకి కట్టుకున్న రుమాలు ఇంకా విప్పలేదు.

"అక్కా... గొళ్ళెం పెట్టింది నేనే."

ఆమె కుళాయి కట్టేసింది.

"మొన్న రాత్రి లోపల్నుంచి తలుపు తట్టింది, చచ్చిన ఆయానే అనుకున్నా. మూడుసార్లు. 'బాబూ' అని కూడా పిలిచింది," అన్నాడు గొంతు తగ్గించి. "ముసలాయన గొంతే అనిపించింది. అయినా... ఎందుకొచ్చిందని తీగ కూడా చుట్టేశా."

ఉలుకమ్మ సింకు మీదికి వంగి మళ్ళీ వాంతి చేసుకుంది.