కిటికీ మీది చీటీ

"నీళ్ళు! ఇంకా నీళ్ళు తీసుకురా జానెల్! ఐసు... ఎవరి దగ్గరైనా ఐసు ఉందేమో అడుగు!"

కూతురికి వినపడేలా ఆర్డిత్ అరిచిన అరుపులకి క్యాంపులో నాలుగు బండ్ల అవతలి వాళ్ళు కూడా తలుపులు తీసి చూశారు. ఇల్లూ బండీ ఒకటే అయిన వాళ్ళ మోటార్ హోమ్ మెట్ల పక్కన, గుడ్డ పందిరి నీడలో, ముసలి వేటకుక్క హికరీ పక్కకి ఒరిగి పడి ఉంది. దాని పొట్ట మీద పరిచిన తడి తువ్వాలు క్షణాల్లో వేడెక్కిపోతోంది. అరిజోనా ఎడారి, జూన్ నెల, మధ్యాహ్నం ఒంటిగంట. బయటే నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్! లోపల ఎంత ఉందో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఐదు నిమిషాల క్రితం తలుపు తియ్యగానే మొహాన కొట్టిన వేడికి ఆర్డిత్ కనుబొమలు ఇంకా మండుతూనే ఉన్నాయి.

"కళ్ళు తెరువు కన్నా... నా బంగారం కదూ... ఒక్కసారి తోక ఊపరా!"

హికరీ ఆమె కొడుకు గ్రాంట్ పెంచుకున్న కుక్క. నాలుగేళ్ళ క్రితం మిన్నెసోటా మంచులో గ్రాంట్ కారు బోల్తా పడ్డప్పుడు, మనుషులు వచ్చేదాకా అతని ఛాతీ మీద పడుకుని వెచ్చదనం ఇచ్చింది ఇదే. గ్రాంట్ దక్కలేదు. కుక్క దక్కింది. ఆనాటి నుంచి ఆర్డిత్ దాన్ని కుక్కలా చూడలేదు.

హికరీ ఒక్కసారి కాళ్ళు చాచింది. అంతే... ఇక కదల్లేదు.

జానెల్ కూతురు, ఏడేళ్ళ రెన్, పిల్లిని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. స్నానాల గదిలో, చల్లటి గచ్చు మీద నక్కి బతికిన పిల్లి అది. "అమ్మమ్మా, హికరీ పడుకుందా?" అంది మెల్లగా.

ఆర్డిత్ దాని మీది తడి తువ్వాలు తీసి పక్కన పెట్టింది.

జానెల్ మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. మరుక్షణం బయటికొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏసీ ఆగిపోయింది. ఫ్రిజ్ ఆగిపోయింది. దీపం కూడా వెలగట్లేదు. పొద్దున చివర్న తాళం వేసింది నువ్వే కదమ్మా?"

అవును, ఆర్డితే. బట్టలు ఉతుక్కోడానికి ఆమె, రెన్‌ని దింపడానికి వచ్చిన జానెల్, రెన్ ముగ్గురూ జానెల్ కారులో ఊళ్ళోకి వెళ్ళారు. ఆర్డిత్ భర్త రాయిస్ టోలెఫ్సన్ డామినోల ఆట ఆడటానికి క్యాంపు హాలుకి బయల్దేరాడు. ఆమె ఏసీ చల్లగా పెట్టి, గిన్నెల్లో నీళ్ళు పోసి, ముందు అద్దానికి చీటీ అతికించింది. జంతువులతో తిరిగే మోటార్ హోముల వాళ్ళందరూ చేసే పనే. లేకపోతే జాలిపడ్డ వాళ్ళెవరో అద్దం పగలగొడతారు!

'ఏసీ నడుస్తోంది. లోపల కుక్క, పిల్లి హాయిగా ఉన్నాయి. దయచేసి అద్దం పగలగొట్టకండి.'

పక్క బండి లీలాండ్ ప్రూయిట్ టోపీ చేతుల్లో నలుపుతూ దగ్గరికొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి.

"పదిన్నరకి తలుపు గోకుతున్న చప్పుడు విన్నానమ్మా... సుత్తి పట్టుకుని వచ్చాను కూడా. నీ చీటీ చదివి... కుక్క ఆడుకుంటోంది కాబోలు అనుకుని వెనక్కి వెళ్ళిపోయాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య, పడుకుంది అనుకున్నానమ్మా!"

ఆర్డిత్ లేచింది. బండి వెనక్కి వెళ్ళి, బండికి కరెంటు ఇచ్చే పొట్టి స్తంభం చూసింది. ప్లగ్ లేదు! నీళ్ళ గొట్టం లేదు. మురుగు గొట్టం కూడా లేదు. పక్క అరకి తాళం వేసి ఉంది. తన దగ్గరున్న రెండో తాళంచెవితో తీసింది. లోపల లావుపాటి నల్ల కేబుల్, ఒక చుట్ట పైకి ఒక చుట్ట కిందికి, పసుపు పట్టీతో బిగించి, పొందిగ్గా కూర్చుని ఉంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేసిన చేతులు తప్ప అలా చుట్టే చేతులు ఈ క్యాంపులో లేవు. ముందు నీళ్ళు, తర్వాత మురుగు, ఆఖర్న కరెంటు... బయల్దేరే రోజు పొద్దున రాయిస్ చేసే పనులు, అదే వరుసలో. కానీ వాళ్ళు బయల్దేరాల్సింది గురువారం. ఇవాళ సోమవారం!

హాలుకి వెళ్తూ మధ్యలో వెనక్కి వచ్చి ఉంటాడు. అన్నీ విప్పి, సర్ది, అవి సర్దిన సంగతే మర్చిపోయి డామినోలకి వెళ్ళిపోయి ఉంటాడు.

మార్చిలో డాక్టరు ఆ మతిమరుపు జబ్బు పేరు చెప్పినప్పుడు గదిలో ఉన్నది వాళ్ళిద్దరే. కారు ఎక్కగానే రాయిస్ ఆమె చేయి పట్టుకుని ఏడ్చాడు. "జానెల్‌కి చెప్పకు ఆర్డీ. ఒక్కసారి... ఈ ఒక్క ప్రయాణం స్టీరింగ్ నా చేతిలో ఉండనీ!" ఆమె మాటిచ్చింది. నెల తిరక్కుండా అతను ఆ డాక్టర్నే మర్చిపోయాడు. ఆమె మాత్రం తన మాట మర్చిపోలేదు.

జానెల్ వెనకాలే వచ్చి నిలబడింది. ఆర్డిత్ చటుక్కున అర మూసేసింది.

"నేనే... నేనే ఆపేశానమ్మా. కాసేపే కదా అని..."

"కాసేపా! ఎండలో నాలుగు గంటలు కాసేపా!" జానెల్ గొంతు చీరుకుపోయింది. "అన్నయ్య మిగిల్చిపోయింది అదొక్కటే! లోపల రెన్ ఉండుంటేనో? ప్రతి వేసవికీ ఆరు వారాలు దాన్ని నీ చేతుల్లో పెట్టి వెళ్ళాను చూడు, నన్ననాలి! ఇంక చాలు. ఈ వేసవి కాదు, ఏ వేసవీ కాదు. రెన్, నీ సంచి తెచ్చుకో!"

"జానెల్... అంత మాట అనకే..."

గ్రాంట్ పోయాక ఆర్డిత్‌ని బతికించినవి ఆ ఆరు వారాలే. ఒక్క మాట చెబితే అవి తిరిగొస్తాయి. చెబితే రాయిస్ బతుకు ముక్కలవుతుంది! ఆమె అరకి మళ్ళీ తాళం వేసింది.

అప్పుడే రాయిస్ వచ్చాడు, ఈల వేసుకుంటూ. "ఏంటి ఈ జాతర? మా ఇంటి ముందు ఉచితంగా ఏమైనా పంచుతున్నారా?" అన్నాడు నవ్వుతూ. అంతలో హికరీని చూశాడు.

మోకాళ్ళ మీద కూలబడి, దాని మెడలో ముఖం దాచుకుని అతను ఏడ్చిన ఏడుపుకి పక్కవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. కాసేపటికి తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా జరిగింది?"

"నేను ఏసీ ఆపేశాను రాయిస్."

"నువ్వా?" రాయిస్ లేచి బండి వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు. "ఆపితే ఏసీ ఆగుతుంది, స్తంభం నుంచి ప్లగ్ ఊడిపోతుందా? ఆ కేబుల్ ఎత్తమంటే నడుం పట్టేసిందంటావు నువ్వు! ఎవడో పీకేశాడు!"

జానెల్ సంచి పట్టుకుని ఆగిపోయింది. అనుమానంగా తల్లి వైపు చూసింది.

"రాయిస్, నేను పదిన్నరకి సుత్తి పట్టుకుని ఇటు వచ్చినప్పుడు..." లీలాండ్ మాట పూర్తి కాలేదు.

"నువ్వొచ్చావా! సుత్తి పట్టుకుని నా బండి దగ్గర నీకేం పని?" రాయిస్ మెట్ల కిందనున్న, టైర్లు విప్పే ఇనుప కడ్డీ లాగాడు. "మొన్న హికరీ మొరుగుతోందని సణిగింది నువ్వే కదూ!"

"అయ్యో, నేను కాపాడదామనే..."

"నాన్నా, కింద పడెయ్యి!" జానెల్ కేక పెట్టింది. రెన్ కెవ్వుమంది. లీలాండ్ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు. కడ్డీ పైకి లేచింది...

ఆర్డిత్ ఒక్క గెంతులో ఇద్దరి మధ్యకి దూకి భర్త మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయన కాదు!"

"మరెవరు? నీకు తెలుసు! నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఎవర్ని వెనకేసుకొస్తున్నావు ఆర్డీ? నా కొడుకు కుక్కని చంపినవాణ్ణి దాస్తావా? నాకు పేరు కావాలి!"

"అడక్కు... నా మాట విని అడక్కు రాయిస్..."

"పేరు చెప్పు!"

లీలాండ్ తల మీద ఆ కడ్డీ ఇంకా వణుకుతోంది. భర్తని కాపాడాలంటే ఈ అమాయకుడి తల పగలాలి. మార్చి నుంచి గుండెల్లో మోసిన మాట ఇక ఆమె గొంతులో ఆగలేదు. మణికట్టు వదిలి, భర్త చెంపలు రెండు అరచేతుల్లోకి తీసుకుంది. కన్నీళ్ళు ధారలు కడుతున్నా గొంతు మాత్రం తొణకలేదు.

"రాయిస్ టోలెఫ్సన్."