రాని దగ్గు

ఆ మలుపు దగ్గర ఆగకూడదని లారీ డ్రైవర్లంతా ఒకే మాటగా చెబుతారు. లద్దాఖ్ వెళ్లే కొండదారిలో, పైకప్పు లేని రాతిగది ఒకటి ఉంటుందక్కడ. ఒక చలికాలం మంచులో చిక్కుకున్న లారీ క్లీనర్ అందులోనే పోయాడట. అప్పటినుంచి అక్కడ ఆగినవాళ్లకి మాట పడిపోతుందట.

గుంటూరు నుంచి మూడు మోటారు సైకిళ్ల మీద వెళ్లిన మిత్రులు ముగ్గురూ సరిగ్గా అక్కడే ఆగారు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా సాల్మన్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. దళారీ షానవాజ్‌కి ఆకలేస్తోంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజర్ అంకయ్యకి మధ్యాహ్నం నుంచీ తలనొప్పి.

చీకటి పడింది. అంకయ్య గోడకి చేరగిలబడ్డాడు.

"ఏరా, టీ తాగుతావా?" అన్నాడు సాల్మన్.

అంకయ్య పెదవులు కదిలాయి... మాట రాలేదు.

షానవాజ్ గొంతు తగ్గించాడు. "వీడు ఇంట్లో పెళ్లాం ముందు తప్ప ఇంతసేపు నోరు మూసుకుని ఉండడురా."

నమ్మకం లేని సాల్మన్‌కి కూడా డ్రైవర్ల మాట గుర్తొచ్చింది. జబ్బయితే మనిషిని కదపకుండా తెల్లారేదాకా పడుకోబెట్టాలి. దెయ్యం గాలి సోకితే — క్షణం ఉండకూడదు. ఏది?

షానవాజ్ సంచిలో అరకిలో ఎండుమిరపకాయలున్నాయి. లద్దాఖ్ కూరని అతను గుంటూరులోనే అనుమానించాడు.

"మా అమ్మ చేసేది. తలచుట్టూ తిప్పి నిప్పుల్లో వెయ్యాలి. ఘాటొచ్చి దగ్గామా, వట్టి జబ్బు. దగ్గు రాలేదా..."

"మా పాస్టరుగారికి తెలిస్తే?"

"ఆయన ఇంత ఎత్తుకి రాడులే."

ఏడు కాయలు మూడుసార్లు తిప్పి టీ స్టవ్ మంటలో వేశారు. కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ఇద్దరూ మొహాలు అందులోనే పెట్టి, దగ్గు కోసం ఎదురుచూశారు.

రాలేదు.

సాల్మన్ గొంతు సవరించుకోబోయాడు.

"కల్తీ చెయ్యకు," అన్నాడు షానవాజ్.

ఇక ఆగలేదు. అంకయ్య బండి అక్కడే వదిలేశారు. సామానంతా షానవాజ్ బండికెక్కింది. అంకయ్యని సాల్మన్ తన వెనక కూర్చోబెట్టుకుని, తువాలుతో నడుముకి కట్టేసుకున్నాడు. వెనక్కి చూడకుండా మూడు గంటలు కిందికి దిగారు... లోయలో ఆసుపత్రి దీపం కనిపించేదాకా.

డాక్టరు అంకయ్యకి ఆక్సిజన్ పెట్టి, హిందీలో చెప్పాడు. "ఎత్తు పడలేదు. మెదడు వాచింది. పైనే పడుకోబెట్టి ఉంటే పొద్దున్న లేచేవాడు కాదు. వెంటనే దించమని ఎవరు చెప్పారు?"

"మా అమ్మ," అన్నాడు షానవాజ్. మిరపకాయల సంగతి ఎత్తలేదు.

తెల్లవారుజామున అంకయ్య మంచం పక్కన కూర్చున్న సాల్మన్‌కి ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"ఒరేయ్, పదిహేనేళ్లుగా యార్డులో ఉన్నాం. ఏనాడైనా మిరపకాయకి దగ్గామా?"

షానవాజ్ ఆలోచించాడు. యార్డుకి కొత్తగా వచ్చిన రైతులు దగ్గుతారు, అధికారులు దగ్గుతారు. తాము మాత్రం — ఆ ఘాటులోనే కూర్చుని ఇడ్లీ తింటారు.

"అంటే దెయ్యం లేదన్నమాట," అన్నాడు తేలికపడి.

"లేదు. మన ముక్కులే లేవు."

అంకయ్య కళ్లు తెరిచాడు. మాస్కు కాస్త పక్కకి జరుపుకున్నాడు. మాట మెల్లగానే అయినా స్పష్టంగా వచ్చింది.

"ఒరేయ్ సాల్మన్... బండి మీద నా వెనక కూర్చున్నతనికి కాసిని మంచినీళ్లివ్వండ్రా. పాపం, దారంతా దగ్గుతూనే ఉన్నాడు."