అరంగుళం తక్కువ

చారెడు గుడ్డముక్క కోసం ఇద్దరు చదువుకున్నవాళ్ళు పోట్లాడుకోవడం ఆ దుకాణంలో సేల్స్‌మన్ అంతకుముందు చూసి ఉండడు.

బయట వాన దంచి కొడుతోంది. లోపల, తానుల్లో మిగిలిపోయిన ముక్కలు పడేసే బుట్ట దగ్గర, ఒక నీలం గుడ్డకి ఒక కొస ఆమె చేతిలో ఉంది, రెండో కొస అతని చేతిలో. నీలం మీద చిన్న చిన్న పసుపు గొడుగులు.

"నేను ముందు చూశాను," అంది ఆమె.

"నేను ముందు పట్టుకున్నాను," అన్నాడు అతను.

"చూడకుండానే పట్టుకున్నారా?"

"మరి మీరు చూసి, పట్టుకోకుండా ఏం చేస్తున్నారు?"

ఆమె తన కొస వదల్లేదు. సగం సగం చేసుకుందామంటే ముక్క మరీ చిన్నది. చివరికి సేల్స్‌మనే విసుగెత్తి బొమ్మా బొరుసూ వేశాడు. అతను గెలిచాడు.

"ఇంతకీ ఏం కుట్టుకుంటారు? కర్చీఫా?" అంది ఆమె, ఓడిపోయిన కచ్చతో.

"ఏం, మగవాడు గుడ్డ కొంటే కర్చీఫే కుట్టుకోవాలా?"

"నాకెందుకు, ఏదైనా కుట్టుకోండి," అని గుమ్మం పక్కనున్న గొడుగు తీసుకుని విసవిసా వానలోకి నడిచింది. నాలుగడుగులు వేశాక చూసుకుంటే అది ఆమె గొడుగు కాదు. వెనక్కి వచ్చి, అతని గొడుగు అతనికిచ్చి, తనది తను తీసుకుంది. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ కోపం అక్కడితో పోయేది. నవ్వకపోవడం వల్ల ఇల్లు చేరేదాకా అతని మొహమే కళ్ళ ముందు కనిపించింది.

ఆమె లైబ్రరీలో పని చేస్తుంది. ఆదివారాలు అదే లైబ్రరీ మేడ మీది గదిలో, సరదాకి క్విల్టులు కుట్టేవాళ్ళని పోగేసి కూర్చోబెడుతుంది. అందరూ ఆమెని కెప్టెన్ అంటారు. ఆమె నాయనమ్మ మాత్రం, "క్విల్టూ లేదు గిల్టూ లేదు. బొంతల్ని బొంతలనడానికి మీకు నామోషీ," అంటుంది.

ఈసారి కెప్టెన్ బ్లాకుల స్వాప్ పెట్టింది. అంటే ఏం లేదు, గుంపులో ఎంతమంది ఉన్నారో అన్ని చదరాలు ఒక్కొక్కరూ కుట్టి తేవాలి. కెప్టెన్ వాటిని కలిపి పంచుతుంది. ప్రతి ఒక్కరికీ అందరి చేతి ముక్కా ఒక్కొక్కటి దక్కుతుంది. అవన్నీ జోడించి కుట్టుకుంటే గుంపంతా ఒక్క దుప్పట్లో ఉన్నట్టే.

ఆ ఆదివారం మెట్లెక్కి వచ్చిన కొత్త సభ్యుణ్ణి చూసి కెప్టెన్ చేతిలోని టేపు జారిపోయింది.

"కర్చీఫులు కుట్టడం అయిపోయింది. ఇక్కడ క్విల్టులు కుడతారని తెలిసి వచ్చాను," అన్నాడు గొడుగుల గుడ్డ అబ్బాయి.

అతను రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడట. కుట్టు వాళ్ళ పెద్దమ్మ నేర్పిందట. షాపులో బేరాల్లేనప్పుడు కూర్చుని కుడతాడట. ఈ వివరాలన్నీ గుంపులోని బ్యాంకు ఆంటీ అయిదు నిమిషాల్లో రాబట్టింది. కెప్టెన్ మాత్రం రూల్సు చెప్పడం మొదలుపెట్టింది.

"బ్లాకు పన్నెండున్నర అంగుళాలుండాలి."

"కింద మెట్ల దగ్గర పోస్టర్ మీద పన్నెండని రాశారు."

"కలిపి కుట్టాక పన్నెండు అవుతుంది. అరంగుళం కుట్టులోకి పోతుంది."

"పోయేదాన్ని కొలవడం దేనికండీ?"

"పోతుంది కాబట్టే కొలవాలి."

"అలాగైతే పోస్టర్ మీద పన్నెండున్నర అనే రాయాల్సింది."

టీ చల్లారిపోయింది. అరంగుళం దగ్గర ఇద్దరూ పట్టిన పట్టు వదల్లేదు. ఆ వాదనలో పడి కెప్టెన్ ఇంకో రూలు చెప్పడం మరిచిపోయింది. ఏ ముక్క ఎవరికి వెళ్ళాలో ఆమె నిర్ణయించదు, చీటీలు తీస్తుంది. క్రితంసారి, "మంచివన్నీ కెప్టెనే ఉంచుకుంది" అని బ్యాంకు ఆంటీ అన్నప్పటి నుంచీ ఈ ఏర్పాటు. చీటీ పడ్డాక మార్పిడి లేదు. ఆ ఒక్క ముక్క ఆ రోజు చెప్పి ఉంటే ఈ కథే లేదు.

ఆ తర్వాతి ఆదివారాల్లో అతను కిటికీ పక్క కుర్చీలో స్థిరపడ్డాడు. తల వంచుకుని కుడతాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం తలెత్తుతాడు, ఎత్తినప్పుడల్లా కెప్టెన్ వైపే చూస్తాడు. లేక కెప్టెన్ వెనకాలున్న గోడ గడియారం వైపో. ఆమెకి ఏదీ తేలలేదు. ఒకసారి గడియారాన్ని తీసి పక్క గోడకి తగిలించి చూసింది. ఆ రోజు అతను గడియారాన్నీ చూశాడు, ఆమెనీ చూశాడు. ఆమె అయోమయం రెండింతలైంది.

లైబ్రరీలో గణితం పుస్తకాలు వంటల పుస్తకాల మధ్యకి చేరాయి. "అమ్మాయ్, లెక్కలు ఎలా వండాలి?" అని ఒక పాఠకుడు అడిగాడు కూడా.

బ్లాకులు ఇచ్చే రోజు అతను తన కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అన్నీ తెలుపూ బూడిదరంగు నక్షత్రాలు. అన్నిటికంటే పైనున్న నక్షత్రం నడుమ మాత్రం నీలం గుడ్డ, దాని మీద పసుపు గొడుగులు.

"పైది కాస్త చూడండి," అన్నాడు.

ఆమె చూసింది. చూస్తూ ఉండిపోయింది. చివరికి నోటికి దొరికింది అడిగింది. "బూడిదరంగు గుడ్డ తక్కువైందా?"

"తక్కువ కాలేదు."

"మరి?"

అతను నోరు తెరిచేలోగా బ్యాంకు ఆంటీ తన కట్ట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆవిడ తర్వాత ఇంకొకరు. అతను నిలబడ్డాడు, నిలబడ్డాడు, వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం కెప్టెన్ ఇంట్లో చీటీలు తీసింది నాయనమ్మే. కెప్టెన్ ఒక్కొక్క బ్లాకునీ టేపుతో కొలిచి పక్కన పెడుతోంది. గొడుగుల నక్షత్రం చేతికి వచ్చినప్పుడు మాత్రం టేపు ఒళ్ళోనే ఉండిపోయింది. వేలితో గొడుగులు నిమిరి, కొలవకుండానే కుప్పలో పెట్టేసింది.

నాయనమ్మ కళ్ళు ముసలివే గానీ మూసుకుపోలేదు. "ఏమే, అది అంత నచ్చితే ఉంచేసుకోరాదూ?"

"పద్ధతి పద్ధతే నాయనమ్మా. ఎవరి చీటీకి వస్తే వాళ్ళకే."

"సరే. చలికాలం ఆ పద్ధతినే కప్పుకుని పడుకో," అని ఆవిడ చీటీ తీసింది. పళ్ళ డాక్టరమ్మకి పడింది.

పళ్ళ డాక్టరమ్మ కెప్టెన్‌కి ప్రాణ స్నేహితురాలు. అందగత్తె, మాట సూటి. మర్నాడు కెప్టెన్ తన చేతులతోనే గొడుగుల నక్షత్రం ఉన్న కట్ట ఆమెకిచ్చింది. కిటికీ పక్క కుర్చీలోంచి అతను అదంతా చూశాడు.

"మీరే పంచారా ఇవన్నీ?" అని లేచి వచ్చి అడిగాడు.

"నేనే," అంది కెప్టెన్, కాస్త గర్వంగా. పంపకంలో ఒక్క తప్పు లేదని ఆమె ధీమా.

"ఆహా," అన్నాడతను. ఆ మాటతో పాటే సూదులు, దారాలు సంచిలో వేసుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. బొమ్మా బొరుసూలో గెలిచినవాడికి ఇంత అలక దేనికో కెప్టెన్‌కి అంతుపట్టలేదు. తనేం తప్పు చేసిందో తెలిస్తే కనీసం క్షమాపణ అయినా చెప్పుకోవచ్చు, అదీ తెలియదు.

అలాంటప్పుడు పళ్ళ డాక్టరమ్మ వచ్చి గొడుగుల నక్షత్రం బల్ల మీద పరిచింది.

"అందరివీ చూశాను కెప్టెన్. నాదొక్కటే వేరు. నా మీద ఏమైనా ఉందంటావా ఆ అబ్బాయికి?"

కెప్టెన్ బల్ల మీది టేపు చుట్టడం మొదలుపెట్టింది. "ఉండొచ్చు," అంది.

"మనిషి బాగానే ఉంటాడు కదా?"

"బాగానే ఉంటాడు."

"నువ్వే వెళ్ళి కనుక్కో. నీకైతే మొహమాటం లేదు."

మొహమాటం సంగతి అలా ఉంచితే, ఆ క్షణంలోనే కెప్టెన్‌కి తన సంగతి తనకి తెలిసింది. అతను కావాలి. అతను గడియారాన్ని చూసినా సరే, కావాలి. తెలిసిన వేళే బాగాలేదు. స్నేహితురాలు అడిగితే కాదనలేక కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది.

"కళ్ళు పరీక్ష చేయించుకోవాలి," అంది, ఇంకేం అనాలో తెలియక.

అతను మారు మాట్లాడకుండా చీకటి గదిలో కూర్చోబెట్టి ఆమె మొహం మీద బరువైన ఫ్రేము పెట్టాడు. ఎదురుగా గోడ మీద వెలుగులో అక్షరాలు.

"ఇది బాగుందా?" అద్దం మార్చాడు. "ఇది బాగుందా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి."

"ఇప్పుడు?"

"తెలియడం లేదు. మా పళ్ళ డాక్టరమ్మ ఒక మాట అడగమంది."

"ఏమని?"

"గొడుగుల ముక్క తనకే ఎందుకు పెట్టారని."

అద్దం మార్చే చెయ్యి ఆగిపోయింది. "ఆవిడకి నేనెక్కడ పెట్టానండీ? మీరు పెట్టారు."

"నేనా?"

"మీకోసం కుట్టాను. మీకు కనిపించాలని అన్నిటికంటే పైన పెట్టి ఇచ్చాను. చూశారు కూడా. వారం తిరిగేసరికి నా ఎదురుగానే ఇంకొకరి చేతిలో పెట్టారు. వద్దని ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు?"

"అది చీటీల్లో వెళ్ళింది," అంది కెప్టెన్. సొంత గొంతు తనకే సన్నగా వినిపించింది.

"ఏం చీటీలు?"

చెప్పింది. బ్యాంకు ఆంటీ అన్న మాటతో మొదలుపెట్టి నాయనమ్మ తీసిన చీటీ దాకా అంతా చెప్పింది. అతను పక్క స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదే."

"ఆ రోజు చెప్పేదాన్నే. మీరు అరంగుళం పట్టుకుని వదల్లేదు."

"మీరు మాత్రం వదిలారా?" అన్నాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగాడు. "అయితే మీరు వద్దనలేదు?"

"నన్నెవరు అడిగారు? గుడ్డ తక్కువైందనుకున్నాను."

"ఇప్పుడు అడుగుతున్నాను."

గోడ మీద అక్షరాలు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయాయి. ఈసారి ఏ అద్దం మార్చినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అతను ఆమె మొహం మీది ఫ్రేము జాగ్రత్తగా తీసి, కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డ చేతికిచ్చాడు.

"ఆ ముక్క నాకు కావాలి," అంది కెప్టెన్ కళ్ళు తుడుచుకుంటూ. "కానీ డాక్టర్ తనకోసమే అనుకుంటోంది. పైగా చీటీ పడ్డాక మార్చుకోకూడదని రూలుంది."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే."

అతను అప్పుడు నవ్వాడు. మొదటి రోజు గుమ్మం దగ్గర రావాల్సిన నవ్వు.

కెప్టెన్ తిన్నగా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పళ్ళ డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి పక్కన పడేసింది. కొంచెం నొప్పే. తర్వాత అంది, "నోరు తెరవమ్మా అని రోజంతా ఊళ్ళోవాళ్ళని బతిమాలుతాను. పక్కనున్న నీ నోరు తెరిపించలేకపోయాను. అడిగినప్పుడైనా చెప్పొద్దూ?"

"అడిగినప్పటికి నాకే తెలియదు. నువ్వు అడిగాకే తెలిసింది."

"ముక్క ఇస్తాను. ఊరికే కాదు. ఆదివారం అందరి ముందూ నిలబడి నీ రూలు నువ్వే మార్చుకుని అడగాలి."

ఆదివారం మేడ మీది గది నిండింది. మెట్లు ఎక్కలేనని ఇన్నాళ్ళూ రాని నాయనమ్మ కూడా, ఈ వేళ మోకాళ్ళ నొప్పి లేదని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. అతను కిటికీ పక్క.

కెప్టెన్ లేచి నిలబడింది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఆమె తనకోసం ఏదీ అడగలేదు. చేతిలో టేపు మెలికలు తిరుగుతోంది.

"చీటీల్లో వేరేవాళ్ళకి పడ్డ ముక్క ఒకటి నాకు కావాలి," అంది. "రూలు నేను పెట్టిందే. తప్పే. అయినా నాకు కావాలి. అది నాకోసమే కుట్టారు."

అందరూ బ్యాంకు ఆంటీ వైపు చూశారు. క్రితంసారి గొడవ ఎవరూ మరిచిపోలేదు మరి.

బ్యాంకు ఆంటీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "క్రితంసారి నోరు జారి ఒక మాటన్నాను. ఆ మాట పట్టుకుని ఈ పిల్ల చీటీలు మొదలెట్టిందని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ అదే ముల్లులా గుచ్చుతోంది. ఇచ్చేయండమ్మా, ఆ పిల్ల ముక్క ఆ పిల్లకి."

పళ్ళ డాక్టరమ్మ గొడుగుల నక్షత్రం తెచ్చి కెప్టెన్ చేతిలో పెట్టింది. "పైగా ఇది కొలతకి లేదు. నువ్వు కొలవలేదా?"

కెప్టెన్ టేపు పెట్టి చూసింది. పన్నెండే ఉంది. అరంగుళం తక్కువ. అందరి బ్లాకులూ అణువణువూ కొలిచే కెప్టెన్ ఈ ఒక్కదాన్ని ఎందుకు కొలవలేదో ఇక ఎవరూ అడగలేదు. గది గదంతా గొల్లుమంది.

"మిగతావన్నీ సరిగ్గానే వచ్చాయి కదా మీకు," అంది కెప్టెన్ అతని వైపు తిరిగి.

"అది మీదని తెలిసి కుట్టాను కదా. చెయ్యి ఒకచోట నిలవలేదు."

"దీన్ని ఇలాగే కలపడానికి కుదరదు. చుట్టూ పట్టీ వేసి కొలతకి తేవాలి."

అతను జేబులో చెయ్యి పెట్టి మడతపెట్టిన నీలం గుడ్డ తీశాడు. గొడుగుల గుడ్డలో మిగిలిన ముక్క. చుట్టూ పట్టీకి సరిపోయేంత ఉంది.

కెప్టెన్ ఒక కొస పట్టుకుంది. రెండో కొస అతని చేతిలోనే ఉంది. ఈసారి ఎవరూ లాగలేదు.

"ఇంతకీ బొంత ఒకరికా, ఇద్దరికా?" అంది నాయనమ్మ ముందు కుర్చీలోంచి. "ఆ కొలతేదో ఇప్పుడే అనుకోండి. తర్వాత అరంగుళం దగ్గర కొట్టుకుంటే తీర్చడానికి నా వల్ల కాదు."

అతను కెప్టెన్ వైపు చూశాడు. గడియారం పక్క గోడకి ఉంది.

"ఇద్దరికే నాయనమ్మా," అంది కెప్టెన్.