ఊపిరిని చదివినవాళ్లు

అంగారకుడి మీద అరుణవాడలో గాలిని నడిపే ప్రోగ్రామ్ పేరు ‘ఊపిరి’. అది ఓపెన్‌సోర్స్, వాళ్ల మాటల్లో బహిరంగమూలం. భూమి మీదివాళ్లయినా చదవొచ్చు, దిద్దొచ్చు. క్యాంటీన్ గోడ మీది తెరంతా దాని కోడే. జనం దాని ఎదురుగా కూర్చుని ఉప్మా తింటూ, “దాపరికమేముంది, అంతా గోడ మీదే ఉందిగా!” అని నిశ్చింతగా ఉండేవారు. ఆ నిశ్చింత చూస్తే వ్యవస్థ నిర్వాహకురాలు పైడితల్లికి ఒళ్లు మండేది.

ఆమె అనుమానమంతా ‘గవ్వ’ మీద. ముఖం తెలియని ఆ మనిషి ఆరేళ్లుగా భూమి నుంచి దిద్దుబాట్లు పంపుతున్నాడు. ప్రతిఫలం అడగడు. ఊరికే ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? ఎక్కడో దొడ్డిదారి పెట్టే ఉంటాడని ఆమె ఫిర్యాదు చేస్తే, ఆమె కూడా సభ్యురాలైన ఏడుగురి భద్రతా సంఘం పోయిన వారమే అతనికి ప్రవేశం మూసేసింది. రుజువు మాత్రం దొరకలేదు.

రుజువు కోసమే ఆమె ‘దృష్టిముద్ర’ అనే పనిముట్టును తయారుచేసింది. ‘ఊపిరి’ని చూపించే ప్రతి తెరా, భూమి మీదిదైనా సరే, చదివేవాడి కంటిపాప కదలికలను లాగ్‌లో, అంటే తన చిట్టాలో, దాచుకుంటుంది. ఈ పనిముట్టు ఆ లాగ్‌లన్నిటినీ జల్లెడపట్టి, మనిషి నిజంగా ఆగి, చదివి, అర్థం చేసుకున్న వరుసను పచ్చగా వెలిగిస్తుంది. చూడకుండా జరిపేసిన వరుస నల్లగా ఉండిపోతుంది. గవ్వ తప్ప ఎవరూ చూడని చోటు ఏదో దీంతో తేలిపోవాలి.

“ఇదేటి ఇమ్మానుయేలూ, ఇంత నలుపేటి? మెషీన్ పాడయిందా?” అంది సహోద్యోగితో.

“మెషీన్ బాగానే ఉందండి. ఆ పచ్చవన్నీ ఒక్కడివే. గవ్వవి.”

“మరి సంఘం? ప్రతి మార్పుకీ ఏడు సంతకాలున్నాయి కదా!”

“మొదటాయన, వెనక ఆరుగురు చూస్తారులే అని పెట్టాడు. ఆఖరాయన ముందున్న ఆరూ చూసి పెట్టాడు. నాలుగోది మీదేనండి.”

పైడితల్లికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గవ్వ ఆఖరి ఉత్తరం తీసింది. ‘సంఘం ఎక్కించబోయే అప్‌డేట్ ఆపండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పిల్లల విభాగంలో గాలి కవాటం తెరుచుకోదు.’ అప్పుడు దాన్ని బెదిరింపు అనుకున్నారు. ఇప్పుడు అప్‌డేట్‌లో ఆ కవాటం వరుసను తనే చదివి చూసింది. నిజమే. అప్‌డేట్‌కి నాలుగు గంటలే టైముంది.

ఆమె సంఘం అధ్యక్షుడు సన్యాసిరాజు దగ్గరికి పరుగెత్తి, దృష్టిముద్ర చూపించినదంతా చెప్పింది.

“మమ్మల్ని దొంగల్ని చేసే మెషీనా?” అన్నాడాయన. “ముందు దీన్ని నిషేధిస్తూ ఉత్తర్వు రాసి పట్రా. అప్‌డేట్ సంగతి రేపు చూద్దాం.”

“రేపటిదాకా ఆ పిల్లలకి ఊపిరాడాలి కదండీ!”

“రాసి పట్రమ్మా.”

రాసింది. మొదటి పేరాలో దృష్టిముద్ర నిషేధం. మూడో పేరాలో అప్‌డేట్ నిలుపుదల, గవ్వకు తిరిగి ప్రవేశం. పది నిమిషాల్లో ఆరుగురూ సంతకాలు పెట్టేశారు. ఏడోది తనే పెట్టింది. అప్‌డేట్ ఆగింది. పైడితల్లి కుర్చీలో కూలబడి తనివితీరా ఏడ్చింది.

రెండు గంటల్లో గవ్వ నుంచి దిద్దుబాటు వచ్చింది, మూడు వందల నలభై వరుసలు.

“చదువుతారా?” అని అడిగాడు ఇమ్మానుయేలు.

“ఆయన పంపాక చూసేదేటుంది!” అంటూ ఆమె సంతకం పెట్టేసింది.

దృష్టిముద్ర అప్పటికే నిషేధంలో ఉంది కాబట్టి, ఆ వరుసలు ఏ రంగులో ఉన్నాయో ఎవరికీ తెలియలేదు.