క్విన్స్ గింజల మూట

రాత్రంతా, ఆపిల్‌ని పోలిన పుల్లటి క్విన్స్ పండ్ల రసంలో నానిన గుడ్డమూటను తూరాన్ విప్పి చూసింది. లోపలున్నవి ఆపిల్ గింజలు.

క్విన్స్ గింజలైతే ఈపాటికి జిగురు వదిలి ముద్దకట్టాలి. ఇవి నున్నగా, దేనికది విడిగా జారిపోతున్నాయి. రసం టీనీళ్లలా ఉంది. ఆ జిగురు లేకుండా ఇక జెల్లీ పేరుకున్నట్టే! నిన్న గింజలు ఏరి మూట కట్టింది తనే. ఎవరో దాన్ని విప్పారు, గింజలు మార్చారు, మళ్లీ ముడి వేశారు.

కొడుకు దక్షిణాన చమురు బావుల దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఇస్ఫహాన్‌లోని ఆ ఇంట్లో మిగిలింది తను, భర్త నుస్రత్, కోడలు మాహ్‌రుఖ్. నుస్రత్‌కి వంటింట్లో చెంచాలు ఎక్కడుంటాయో కూడా తెలియదు.

అంటే కోడలే. మొన్న నవ్వుతూ అననే అంది, ఈ గింజల తంటా ఎందుకు, బజారు పొడి కలిపితే చిటికెలో గడ్డకడుతుంది కదా అని. అప్పుడు వేళాకోళమనుకుంది. ఈ ఏడు జెల్లీ చెడితే వచ్చే ఏడు ఈ పొయ్యి ఎవరిదవుతుంది?

మాహ్‌రుఖ్ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే తూరాన్ ఆమె అర వెతికింది. జెల్లీ పొడి పొట్లం దొరికింది. ఇంకేం కావాలి?

"నా పనితనం పోయిందని చూపించడానికి ఇంత పని చేస్తావా?"

మాహ్‌రుఖ్ పొట్లాన్నీ, మూటనూ మార్చి మార్చి చూసింది. "పొట్లం నాదే. మూట సంగతి నాకు తెలీదత్తయ్యా."

"అయితే ఇంట్లో దెయ్యాలు తిరుగుతున్నాయన్నమాట."

"దొంగనన్నాక ఇంకేముంది. మీ అబ్బాయి ఫోన్ చేస్తే కాషాన్‌లో మా అమ్మ దగ్గరున్నానని చెప్పండి."

గొంతు పెంచలేదు. కాసేపటికి సంచితో మెట్లు దిగింది. తూరాన్ ఆపలేదు.

వీధి తలుపు దగ్గర నుస్రత్ అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఫ్లాస్కు. ఈమధ్య దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. నా గురకతో నీకు నిద్ర చెడుతోందంటూ పైగదిలో పడుకుంటున్నాడు. తూరాన్‌కి రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. వెళ్లి ఫ్లాస్కు లాక్కుంది. మూత తీసి వంచితే జిగటనీళ్లు తీగలా సాగాయి. అడుగున క్విన్స్ గింజలు. ఆ నీళ్లు దగ్గుకి తాగుతారని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

"ఎవరికి దగ్గు?" అంది.

ఛాతీలో అణిచిపెట్టుకున్న దగ్గంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి నుస్రత్ వంగిపోయాడు. మాహ్‌రుఖ్ సంచి వదిలేసి ఆయన్ని పట్టుకుంది. వీపు రాస్తున్న ఆ చేతి మీద తూరాన్ తన చెయ్యి వేసింది. క్షమించమ్మా అంది.

దగ్గు తగ్గాక ఆయనే అన్నాడు.

"అమ్మాయిని పోనివ్వకు తూరాన్. తీసింది నేనే. గింజలు కావాలంటే ఎవరికని అడుగుతావు, ఆసుపత్రికి లాక్కెళ్తావు. నా తమ్ముడు ఈ దగ్గుతోనే అక్కడికి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆపిల్ గింజలు పెడితే నీకు తెలీదనుకున్నా. ఇన్నేళ్లూ నీ జెల్లీ తిన్నానే గాని, అదెలా పేరుకుంటుందో ఒక్కసారైనా చూశానా? భయమేసింది, అంతే. పదండి, డాక్టరు దగ్గరికి వస్తాను. ఇద్దరూ నా పక్కనే ఉండండి."