ఆనందం బావ అరుగుదల

ఇది చాలా చిన్న కథ. ఒక టైలరు గోళీలు మింగాడు, ఒక కాకి అన్నం ముట్టలేదు. అంతే. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ఆ గోళీల్లో ఏముందో చెప్పాలంటే ముందు ఆనందం పొట్ట గురించి చెప్పాలి. ఆ పొట్ట చిన్నది కాదు.

ఆనందం ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. నడుము నలభై రెండు అంగుళాలు. పెళ్లిళ్లలో అతను కూర్చున్న వరసకి వడ్డించడానికి కుర్రాళ్లు వంతులు వేసుకునేవారు, ఎందుకంటే ఒక్కడి వల్ల కాదు. బోటి కూర అంటే ప్రాణం. రాత్రి మిగిలిన బోటిని పొద్దున గడ్డకట్టిన కొవ్వుతో సహా తినేవాడు. పైన ఒక జర్దా పాన్. తర్వాత మూడు తేన్పులు. మొదటిది పొట్టిది, రెండోది పొడుగు, మూడోది నసుగుతూ నసుగుతూ ఆగిపోయేది. అది ఆగాక "ఇగ అయిపాయె" అనేవాడు. జన్మలో కడుపునొప్పి ఎరగడు. ఆ ఒక్క విషయంలో అతని గర్వాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. మిగతా విషయాల్లో గర్వపడటానికి ఏమీ లేదు కాబట్టి.

ఇంకో సంగతి. చిన్నప్పుడు బస్సు మీంచి జారిపడి ఎడమకాలు విరిగింది. అతుక్కున్నాక అర అంగుళం పొట్టి అయింది. ఈ లెక్క అతని బామ్మర్ది శ్యాంసుందర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ప్యాంట్లు కుట్టేది అతనే. ఎడమకాలు అర అంగుళం తగ్గించి కుట్టి, ఎవరికీ చెప్పేవాడు కాదు.

శ్యాంసుందర్ కొట్టు మైత్రీవనం వెనక సందులో, ఒక కోచింగ్ సెంటరు మెట్ల కింద. సిరిసిల్ల నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. హాస్టల్ పిల్లల జీన్సులు పొట్టి చేస్తాడు, పిల్లలు లావయ్యాక మళ్లీ వదులు చేస్తాడు. అతనికి పన్ను నొప్పి వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతే టైం వేస్టని మందుల దుకాణంలో అడిగి బలమైన యాంటీబయాటిక్ గోళీలు మింగాడు. తగ్గలేదని ఇంకో రకం మింగాడు. ఆ తర్వాత మూడో రకం. పన్ను నొప్పి పోయింది, పన్ను పోయింది, ఆ తర్వాత కడుపు పోయింది.

ఏడు నెలలు. రోజుకు పన్నెండుసార్లు. కోచింగ్ సెంటరు వాళ్లు తమ లెట్రిన్‌కి తాళం వేసుకున్నారు. అరవై రెండు కిలోల మనిషి ముప్పై తొమ్మిదికి దిగాడు. రోజూ పొద్దున తన టేపుతో తన నడుమే కొలుచుకునేవాడు. ముప్పై రెండు, ఇరవై తొమ్మిది, ఇరవై ఆరు. అతని దగ్గర ఒక వాసన మొదలైంది, తడిసిన గోనెసంచిలో కుళ్లిన గుడ్డు చుట్టినట్టు. భార్య మంజూష అతని దుప్పటి వేరుగా ఉతికేది, ఏడుపు కూడా వేరుగా ఏడ్చేది.

పంజాగుట్టలో ఒక పరిశోధన కేంద్రం వాళ్లు ఇలాంటి కడుపుల కోసమే వెతుకుతున్నారని తెలిసి పోయాడు. డాక్టర్ హైందవి రిపోర్టులు చూసి చెప్పింది.

"మీరు మింగిన మందులు పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని ఊడ్చేశాయి. చెడ్డవి మిగిలాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గర్నుంచి మంచివి తెచ్చి నాటాలి. ఇలాగే వదిలేస్తే రెండు మూడు నెలలు కూడా కష్టం."

"యాడికెంచి తెస్తరు మేడం?"

డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు ఫెయిత్ నేల వైపు చూసింది. ఇద్దరిలో చిన్న ఉద్యోగం ఫెయిత్‌ది కాబట్టి ఆమే చెప్పాల్సి వచ్చింది.

"మలం నుంచి అన్నా. శుభ్రం చేసి, వడగట్టి, గడ్డకట్టించి, క్యాప్సూల్లో పెడతాం. వారానికి పదిహేను, మూడు శనివారాలు. మా ముందే మింగాలి."

తర్వాత ఆమె ఇంకా చెప్పింది. ఇది పరీక్ష కాబట్టి సగం మందికి అసలు క్యాప్సూల్, సగం మందికి ఉత్త క్యాప్సూల్. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికేది పడిందో రోగికీ తెలియదు, నర్సుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. కంప్యూటర్‌కే తెలుసు. శ్యాంసుందర్ అన్నిటికీ తల ఊపి సంతకం పెట్టాడు. అతని చెవి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

దాత చుట్టాల్లో ఉంటే మంచిదన్నారు. చుట్టాల్లో ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? అడగక్కర్లేకపోయింది. ఆనందమే ఎగిరి గంతేశాడు.

"బామ్మర్దీ, నాది ఏస్తే నీకు రాళ్లు సుత అరుగుతయ్!"

పరీక్షలన్నీ చేశారు. ఇంత శ్రేష్ఠమైన కడుపు అరుదని రాసిచ్చారు. ఆ కాగితం ఆనందం ఫ్రేము కట్టించబోతే భార్య కాంతవ్వ లాక్కుంది. పది రోజులు పొద్దున్నే టిఫిన్ సంచిలో స్టీలు డబ్బా పెట్టుకుని బస్సెక్కి పంజాగుట్ట పోయాడు. పక్కన కూర్చున్నవాళ్లు ఏమిటని అడిగితే నిజమే చెప్పేవాడు. సీటు మొత్తం అతనికే దక్కేది.

మొదటి శనివారం. ట్రేలో పదిహేను గోధుమరంగు క్యాప్సూళ్లు. ఫ్రీజర్‌లోంచి తీసినందుకు చెమట పట్టి ఉన్నాయి. శ్యాంసుందర్ కళ్లు మూసుకుని మింగాడు. రెండో శనివారం పదకొండోది నోట్లోనే పగిలింది.

నాలుక మీద ఏదో జిగురుగా పరుచుకుంది. గడ్డకట్టిన కొవ్వు... బోటి... వెనకాలే జర్దా. పళ్ల సందుల్లోకి దిగింది. కక్కు గొంతుదాకా వచ్చింది.

"మింగెయ్యి అన్నా, మింగెయ్యి," అని ఫెయిత్ గొణిగింది.

మింగాడు.

ఆ మంగళవారం ఆనందం ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంట్ విందు. ఆనందం తిన్నాడు. చెయ్యి కడిగాడు. మొదటి తేన్పు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని కోసం అలవాటుగా అందరూ ఆగారు. అది రాలేదు. ఆనందం గోడకి ఆనుకుని అలాగే కిందికి జారాడు. గుండె.

సరిగ్గా ఆ వేళకి కొట్లో మిషన్ ముందు కూర్చున్న శ్యాంసుందర్‌కి తేన్పు వచ్చింది. పొద్దుట్నుంచి గంజి తప్ప ఏమీ తాగలేదు. నసుగుతూ నసుగుతూ ఆగిపోయింది. సందంతా బోటి వాసన. మిషన్ ఆగిపోయింది... కాలు తొక్కుతూనే ఉంది.

"ఇగ అయిపాయె," అన్నాడు.

ఎందుకన్నాడో తెలియలేదు. అప్పుడు ఫోన్ మోగింది.

ఆ సాయంత్రం చేసిన పొరపాటుకి శ్యాంసుందర్‌ని తిట్టాలి. అక్క గుండెలు బాదుకుంటుంటే ఓదార్చడానికి మాట దొరక్క ఇలా అన్నాడు.

"ఏడ్వకక్కా. బావ పూర్తిగ పోలే. నా కడుపుల ముప్పై గోళీలున్నయ్. పదిహేను ఫ్రీజర్‌ల ఉన్నయ్, సజీవంగ."

కాంతవ్వ ఏడుపు ఆపింది. తమ్ముడి పొట్టకేసి చూసింది. ఆ చూపు అతనికి నచ్చలేదు.

మూడో రోజు మిద్దె మీద పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక తీరక మనిషి ఇక్కడే ఉన్నట్టు. విస్తరిలో అన్నం, బోటి, చిన్న ముంతలో కల్లు, పాన్. ఇప్పుడు ఈ ఊళ్లో కాకులెక్కడివి? పావురాలు వచ్చాయి, నలభై.

"పావురం సుత పిట్టనే గద," అన్నాడు ఎండకి ఓర్వలేని ఒక పెద్దమనిషి.

"నీకు పెట్టినప్పుడు పావురాన్నే పిలుస్తం," అంది కాంతవ్వ. ఆయన తువ్వాలు నెత్తిన వేసుకున్నాడు.

చివరికి ఒక కాకి వచ్చింది. నీళ్ల ట్యాంకు మీద వాలింది. విస్తరి వైపు చూడలేదు. వెనక వరసలో నిలబడ్డ శ్యాంసుందర్ పొట్టకేసి తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది.

"ఏమయ్యా, నీకేం కావాలె?" అని కాంతవ్వ ఆకాశాన్ని అడిగింది. "మన బిడ్డ వెన్నెల సదువు ఆపను. నీ బాకీలు తీరుస్త. రా."

శ్యాంసుందర్ కడుపులో ఏదో కదిలింది. లోపల్నుంచి... గుర్రుమంటూ... మాటకి మాట జవాబిస్తున్నట్టు.

కాకి ఎగిరిపోయింది.

మర్నాడు కాంతవ్వ కొట్టుకి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"తమ్మీ, మనిషి సగం ఈడ, సగం ఆడ ఉంటే కాకి ఎట్ల ముడుతది? ఆ మిగిలిన గోళీలు మింగకు. పదో దినం నాడు ఇస్తర్ల పెట్టాలె."

"మరి నేను సావాల్నా అక్కా?"

"నీ బావ ఇట్లనే తిరగాల్నా?"

మంజూష ఊరుకుంటుందా? "వదినా, నువ్వు పోగొట్టుకున్నవ్. నన్నెందుకు పోగొట్టుకొమ్మంటవ్?" అంది. ఇద్దరూ చెరోవైపు ఏడుస్తుంటే శ్యాంసుందర్ లెట్రిన్ వెతుక్కుంటూ పరుగెత్తాడు.

శనివారం పంజాగుట్ట పోయాడు. క్యాప్సూళ్లు బయటికి పంపడం కుదరదని ఫెయిత్ చెప్పింది. అతను ఒత్తిడి చేయలేదు. ముప్పై ఎనిమిది కిలోలు. బతకాలని ఉంది. పదిహేనూ మింగాడు. తిరిగొస్తూ మందుల దుకాణంలో పదిహేను బలం గోళీలు కొన్నాడు. అవీ గోధుమరంగే. పదో రోజు అక్క చేతిలో అవి పోసి, "ఇవ్వే," అన్నాడు.

ఆమె కళ్లకద్దుకుని విస్తరి అంచున వరసగా పెట్టింది.

పది గంటల ఎండ. బోటి మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. చీమలు అప్పుడే వరస కట్టాయి. ఈసారి కాకి త్వరగానే వచ్చింది. గోడ మీద వాలి, కిందికి దూకి, నడిచింది. అన్నం దాటింది. కల్లు దాటింది. గోళీలు దాటింది. శ్యాంసుందర్ ముందు ఆగింది. చొక్కా కింది గుండీని ముక్కుతో పట్టి లాగింది.



"ఏం కావాలయ్యా నీకు..." అంది కాంతవ్వ.

మొదటి తేన్పు. పొట్టిది. రెండోది... పొడుగు. జర్దా వాసన. పెద్దమనుషులు ముక్కులు మూసుకున్నారు.

శ్యాంసుందర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నది తను కాదని అతనికి తెలుసు. చెయ్యి విస్తరి మీదికి పోయింది. వద్దనుకున్నాడు. వద్దు... వద్దు... చెయ్యి బోటిని కలిపింది, చీమలతో సహా. నోట్లో పెట్టింది. చీమలు నాలుక కింద పాకాయి. నమిలాడు. కొవ్వు అంగిట్లో అతుక్కుంది. ఇంకో ముద్ద. ఇంకోటి. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, నోరు నములుతూనే ఉంది. పదిహేను గోళీలూ అన్నంలో కలిపి మింగాడు. విస్తరిని నాకాడు.

అప్పుడు కాకి ఎగిరి అతని భుజం మీద వాలింది. మెడ చాచింది. అతని కింది పెదవి మీద అంటుకున్న మెతుకుని ముక్కుతో తీసుకుంది. పెదవి తోలు కూడా కొంచెం వచ్చింది.

"పిట్ట ముట్టింది!" అని పెద్దమనిషి అరిచాడు. అందరూ దండం పెట్టారు. ఎండలో ఇంకా నిలబడనక్కర్లేదని చాలా మందికి సంతోషం. మంజూష మాత్రం గోడకి ఆనుకుని కక్కుకుంది.

మూడో తేన్పు ఆ రోజు రాలేదు.

ఆ మర్నాటి నుంచి శ్యాంసుందర్‌కి కడుపు కట్టుకుంది. రోజుకు ఒక్కసారి. ఆకలి. నెలకి నలభై ఆరు కిలోలు, మూడు నెలలకి డెబ్బై. కోచింగ్ సెంటరు వాళ్లు లెట్రిన్ తాళం తీశారు. కాంతవ్వ తమ్ముడి ఇంటికి వారానికి రెండుసార్లు బోటి పంపేది, అతను గిన్నె కడిగి తిరిగిచ్చేవాడు. భర్త బోటి ముట్టడని ఇరవై ఏళ్లుగా మంజూషకి తెలుసు. ఏమైతేనేం, బతికున్నాడు గదా.

ఐదో నెలలో పంజాగుట్ట నుంచి పిలుపొచ్చింది. పరీక్ష ముగిసింది, కంప్యూటర్ గుట్టు విప్పింది. ఫెయిత్ కాగితం ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"అన్నా, మీకు ఉత్తవి పడ్డాయి."

"ఉత్తవంటే?"

"గ్లిజరిన్, కొంచెం కోకో పొడి. మూడు వారాలూ అవే. మీ బావగారివి ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. గుట్టు తెలిశాక డాక్టరు గారు డబ్బాకి సీలు వేయించారు. ఇప్పటికీ ఫ్రీజర్‌లోనే ఉంది." ఆమె నవ్వబోయింది. "దేవుడి దయ అన్నా. జబ్బు దానంతటదే తగ్గిపోయింది."

శ్యాంసుందర్ మెట్లు దిగి, నడుచుకుంటూ కొట్టుకి వచ్చాడు. షట్టరు సగం దించాడు. చెక్క బీరువా అడుగున ఆనందం చివరగా కుట్టమన్న ప్యాంటు ఉంది. తీసుకుపోవడానికి రాలేదు, కాబట్టి అలాగే ఉంది. దాన్ని తొడుక్కున్నాడు. నడుము నలభై రెండు. సరిపోయింది. తిండి ఎక్కువైందిలే అనుకున్నాడు.

తర్వాత వంగి కింద చూసుకున్నాడు. ప్యాంటు అంచులు రెండూ మడమల దగ్గర ఒకే ఎత్తులో నిలిచాయి. టేపు తీసి తొడ నుంచి మడమ దాకా కొలిచాడు. కుడికాలు, ఎడమకాలు. మళ్లీ కొలిచాడు.

ఎడమకాలు అర అంగుళం పొట్టి.