కత్తిరించని రికార్డింగ్

ఆ ఇద్దరి మధ్య మొదటి మాటే పోట్లాటతో మొదలైంది. అంతరించిన, అంతరించిపోతున్న జీవుల వివరాలుండే వెబ్‌సైట్‌కి ఆమె ఎడిటర్. అతను వాగుల వెంట కప్పల కోసం తిరిగే పరిశోధకుడు. ఆఫీసంతా కప్పలాయన అనే పిలుస్తుంది. నీలిమచ్చల కప్ప అరుపంటూ అతను పంపిన రికార్డింగ్‌ని ఆమె తిప్పి పంపేసింది. మధ్యలో తనకి దగ్గొచ్చిందని అతను ఆ ముక్క తీసేశాడట.

"నా దగ్గు తీసేస్తే కప్ప మారిపోతుందా అండీ?"

"కత్తిరించింది ఏదైనా మాకు చెల్లదు. ఉన్నది ఉన్నట్టు పంపండి. వెబ్‌సైట్‌లో అందరూ వింటారు."

అప్పట్నుంచి వాన పడ్డప్పుడల్లా అతను కొండెక్కుతూనే ఉన్నాడు. ఒట్టి చేతులతో దిగి వచ్చి, ఆమె బల్ల ముందు కూర్చుని, ఆమె రూల్స్‌ని వెక్కిరించి పోతున్నాడు. అతను రాని రోజు ఆఫీసు బోసిగా ఉంటోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనికైతే అసలే చెప్పలేదు.

ఇవాళ సాయంత్రంలోగా ఆధారం రాకపోతే ఆ కప్ప పేరు పక్కన "అంతరించింది" అని పడుతుంది. పడితే ఆ కప్ప వల్ల వాగుకున్న రక్షణ పోతుంది. క్వారీ వాళ్లు దానికోసమే కాచుక్కూర్చున్నారు. ఆ మాట టైప్ చెయ్యాల్సింది ఆమే. అయినా తనకి తెలియకుండా ఎవరో మార్చేస్తారన్నట్టు, పొద్దుట్నుంచి సెర్చ్‌లో ఆ పేరు కొట్టి చూస్తూనే ఉంది. కొండ మీద పెద్ద వాన. అతని ఫోన్ కలవడం లేదు. ఆమె మనసు పరిపరివిధాల పోతోంది.

ఆఫీసు కట్టేసే వేళకి ఫైల్ వచ్చింది. వెబ్‌సైట్ నడిపే పెద్ద మేడమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. స్పీకర్లో వాన, బురదలో బూట్ల చప్పుడు, అతని ఆయాసం. చాలాసేపు అంతే. మేడమ్ గడియారం చూసింది. ఆమె సౌండ్ ఇంకాస్త పెంచింది.

అప్పుడు వినిపించింది అతని గొంతు, మెల్లగా, కప్పని బతిమాలుతూ.

"ఒక్కసారి అరవ్వే తల్లీ. నువ్వు లేవని ఆవిడ చేత రాయించకు. రాస్తే ఏడుస్తుంది. పైకి కనపడదు గానీ నాకు తెలుసు. ఆవిడంటే నాకు..."

టక్, టక్, టక్. గులకరాళ్లు కొట్టుకున్నట్టు కప్ప అరిచింది. అప్పటికే నోటిదాకా వచ్చిన మాట ఆగలేదు. ఆ అరుపుల మధ్యే "ప్రాణం" అన్నాడు.

ఏళ్ల కిందట వెబ్‌సైట్‌లో దాచిన పాత రికార్డింగ్‌తో పోల్చి చూశారు. అదే కప్ప. మేడమ్ ఆమె ఎర్రబడ్డ చెవుల వంక చూసి, ముక్క తీసేద్దామంటే నీ రూలే అడ్డం, పెడితే లోకమంతా వింటుంది, ఆలోచించుకో అంది.

ఆమె ఆలోచించలేదు. పబ్లిష్ బటన్ నొక్కేసింది.

కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. గొంతులో వెనకటి వెక్కిరింపు లేదు. "ఫైల్ అందిందా అండీ? కొండ దిగాక మొత్తం విన్నాను. ఒక ముక్క తీసేద్దామనుకున్నాను. తీస్తే చెల్లదన్నారుగా."

"సెర్చ్ చేసి చూడండి."

అటునుంచి ఫోన్ మీద టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది.

"బతికే ఉందని రాశారు," అన్నాడు చివరికి. "మరి... మిగతాది?"

"నాకు ముక్కలు చెల్లవండీ. మొత్తం తీసుకున్నాను," అంది ఆమె. "తడిసిపోయి ఉంటారు. నేరుగా ఇక్కడికే రండి."